ముప్పై రెండు సెంట్ల వాన

1926 ఏప్రిల్ 28, బుధవారం

ఒళ్లు మండిపోయింది ఇవాళ. ఆవకాయ జాడీ శుభ్రంగా కడిగి ఎండలో పెట్టానా, మూడుసార్లు నీళ్లతో నింపి పెట్టారు. ఒంపడం, తుడవడం, మళ్లీ పెట్టడం. నాలుగోసారికి ఏడుపొచ్చింది.

ఎవరు పోశారంటే ఎవరూ దాచలేదు. దారిన పోయినవాళ్లంతా తలా కాస్త పోశారట. విత్తనాల పండగ మొదలైంది. ఈ చింతలగుడలో పండగ నాటి నుంచి చేలో మొలక వచ్చేదాకా, ఆకాశం కింద నోరు తెరుచుకున్న పాత్ర ఖాళీగా ఉండకూడదు. కంటబడితే నీళ్లు పోసి దాటాలి. నా ఆవకాయ గోల ఎవరికి కావాలి!

పక్కింటి యర్రమ్మప్ప ఎదురు నన్నే కసిరింది. "సదువుకున్నదానివి, కాలీ జాడీ ఆరుబయట ఎట్టేసి కూకుంటావేటి? వాన సూసి ఎనక్కెల్లిపోదా?" అంది. డెబ్భై దాటి ఉంటాయి. మొగుడు లేడు, పిల్లల్లేరు. నేనీ మిషన్ స్కూలుకి వచ్చిన మొదటి రోజు నుంచీ నాకు చోడంబలి, అదే రాగి జావ, పంపిస్తున్నది ఆవిడే. నోరు మూసుకుని జాడీ లోపల పెట్టుకున్నాను.

మే 1

స్కూలు వెనక రెయిన్ గేజ్ పెట్టి నాలుగు నెలలైంది. వాతావరణం డిపార్టుమెంటు మనిషి జనవరిలో వచ్చి, ఇటుక దిమ్మ కట్టించి, చుట్టూ కంచె వేయించి పోయాడు. కంచె లోపలిదని పండగకి కూడా దాని జోలికి ఎవరూ రాలేదు. రాగి గరాటు, దాని కింద సీసా. ఉదయం ఎనిమిదింటికి సీసాలో నీళ్లు గాజు గ్లాసులో పోసి కొలవాలి. అంగుళంలో నూరో వంతు ఒక సెంటు. సీసా ఖాళీగా ఉంటే రిజిస్టరులో "నిల్" అని రాయాలి. నాలుగు నెలల్లో నూరు దాకా నిల్లులు రాశాను. రోజూ ఖాళీ సీసా ఎత్తి వెలుగులో చూసి దించడమే నా ఉద్యోగం. నా మొహం చూస్తే యర్రమ్మప్పకి జాలేస్తుందట.

పోయేముందు ఆయన గట్టిగా చెప్పాడు, అంకె తప్పు రాస్తే ఏమీ రాయనిదానికంటే చెడ్డదని. నేను తప్పెందుకు రాస్తాను?

మే 7, శుక్రవారం

సంతకి ఎండుచేపల రత్నాలు వచ్చింది. చేపల మూటలో పెట్టుకుని అక్క ఉత్తరం తెచ్చింది. ఉత్తరమంతా కవ్వళ్ల చేప వాసన. మా భీమిలి పేట గుర్తొచ్చి బెంగేసింది. 

నాన్న చెప్పిన మాటలు లూర్దమ్మక్క ఉన్నదున్నట్టు రాస్తుంది. నాన్నకి చూపు బాగా తగ్గింది. అయినా పడవెక్కుతాడు, చెయ్యి ముంచి నీటి సంగతి చెప్తాడు. ఈ నెలల్లో మా ఒడ్డున నీరు ఉత్తరానికి లాగుతుంది. అడుగు నీరు పైకి తేలి చెయ్యి జివ్వుమంటుంది. అప్పుడే చేప వస్తుంది. ఈ ఏడు నీరు గోరువెచ్చగా ఉందట, లాగుడే లేదట, చేప ఏమైపోయిందో తెలియదట. చివర్న ఇలా ఉంది: "పాపా, ఈ ఏడు నీరు దారి తప్పింది. తొలి వాన పడితే నమ్మొద్దు. మీ కొండోల్లని గింజలు సల్లొద్దని సెప్పు."

నవ్వుకున్నాను. కొండ మీద ఎప్పుడు చల్లాలో భీమిలిలో చెయ్యి ముంచి చెప్తాడా నాన్న!

మే 12

2 అంగుళాల 10 సెంట్లు!!

నిన్న సాయంత్రం ఉరుములు, రాత్రంతా వాన. పొద్దున్న సీసా ఎత్తితే బరువుగా తగిలింది. గ్లాసు నాలుగుసార్లు నింపాను. ఊరంతా కంచె చుట్టూ మూగారు. దిసారి బుధు కూడా వచ్చాడు. దిసారి అంటే నక్షత్రాలు చూసి విత్తే రోజు చెప్పేవాడు. ఆయన మాట లేనిదే ఊళ్లో ఒక్క గింజ నేల మీద పడదు. ఎంత పడిందని అడిగాడు. చెప్పాను. తలూపాడు. ఎల్లుండి మంచిదన్నాడు.

నాన్న ఉత్తరం నా పెట్టెలోనే ఉంది. చెప్దామా అనుకున్నాను. అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. పైగా నేను సర్కారు గేజ్ చూసే మనిషిని, గుడ్డి జాలరి మాట పట్టుకుని ఎలా మాట్లాడతాను? ఊరుకున్నాను.

మే 14

చోళ్లు, సామలు చల్లేశారు. మళ్లీ సారికని ఎవరూ ఏమీ దాచుకోలేదు. గంగాలమ్మకి కోడిని కోశారు. నాకు కాలు పంపారు.

మే 23

మొలక వచ్చింది. సాయంత్రం గెడ్డ వాగు దాటి పోడు చేల దాకా వెళ్లి చూసొచ్చాను. కొండ వాలంతా లేత పచ్చ.

మే 30

నిల్. పద్దెనిమిది రోజులుగా నిల్.

జూన్ 2

మొలక చచ్చిపోయింది. పొద్దున్న సుక్రు గుప్పెడు పీక్కొచ్చి నా స్కూలు అరుగు మీద పెట్టాడు. ఎందుకు నాకు తెచ్చిచ్చాడో తెలియదు. ఊళ్లో గట్టి రైతు, ఆ మనిషి కళ్లు తుడుచుకోవడం మొదటిసారి చూశాను. "గుంటలకేటి ఎట్టాలి పంతులమ్మా?" అన్నాడు. ఇంటి నిండా పిల్లలు.

నాన్న చెప్పాడు. నేను చెప్పలేదు. ఇది ఈ డైరీలో తప్ప ఎక్కడా రాయలేను.

జూన్ 5

32 సెంట్లు. జ్వరం. క్వినైన్ మింగాను, చెవుల్లో ఒకటే హోరు.

జూన్ 9

32. రాత్రి తుప్పర పడి ఉంటుంది. నాకేం వినపడలేదు. గాలికొండ మీద మంచు దిగితే అప్పుడప్పుడు ఇలా పడుతుందని ఎవరో అన్నట్టు గుర్తు. కంచె పట్టుకుని నడిచి వెళ్లాను.

జూన్ 13

31. వాంతులు. యర్రమ్మప్ప నా తల పట్టుకుంది. పిల్లలకి సెలవిచ్చేశాను.

జూన్ 17

32.

జూన్ 20

జ్వరం తగ్గింది, నీరసం తగ్గలేదు. ఫాదర్‌గారు గుర్రమ్మీద వచ్చి కమ్యూనియన్ ఇచ్చి, చదువుకోమని మిషన్ పత్రికలు పడేసి పోయారు.

ఒకదాంట్లో పెరూ దేశం నుంచి ఒక ఫాదరు రాసింది చదివి లేచి కూర్చున్నాను. అక్కడి సముద్రం చల్లగా ఉంటుందట, ఒడ్డంతా వాన ఎరగని ఎడారి. కొన్నేళ్లకోసారి క్రిస్మస్ వేళకి ఉత్తరం నుంచి వెచ్చటి నీరు దిగుతుంది. అక్కడి జాలర్లు దానికి బాల యేసు పేరు పెట్టుకున్నారట. పోయినేడాది ఆ నీరు విపరీతంగా వచ్చి చేపలు మాయమయ్యాయి, పక్షులు గుట్టలుగా చచ్చాయి, ఎడారిలో వరదలొచ్చి ఊళ్లు కొట్టుకుపోయాయి.

చేప పోయింది, నీరు వెచ్చబడింది. అక్షరం తేడా లేకుండా నాన్న మాటలే! భూమికి ఆ చివర కూడా ఎవరో ముసలాయన పడవలోంచి చెయ్యి ముంచి తల అడ్డంగా ఊపి ఉంటాడు. అక్కడి నీటికీ ఇక్కడి వానకీ ఏమైనా సంబంధం ఉందా? వాతావరణం ఆఫీసు దొరలు దక్షిణ అమెరికాలో గాలి బరువు చూసి మన వానల్ని లెక్కగడతారని గేజ్ పెట్టినాయన చెప్పాడు. నీటి సంగతి ఏమీ చెప్పలేదు. తెలియదేమో.

జూన్ 22

32. బుధు పలకరించడానికి వచ్చాడు. ఊరికే ఉండలేక సముద్రం సంగతి ఎత్తాను. పొయ్యి మీద ఎసరు చూపించాను. నీరు వేడెక్కితే ఆవిరి లేస్తుంది, గాలి దాన్ని మోసుకొస్తుంది, మన కొండకి కొట్టుకుని చల్లబడి పడిపోతుంది. ఎసరు ఉన్నచోట ఉండకుండా ఇంకోచోటికి జరిగిపోతే ఆవిరీ అక్కడికే పోతుంది. సముద్రంలో నీరు అలా జరుగుతూనే ఉంటుంది, ఏరులాగే పారుతుంది అన్నాను.

ఎసరు మూత ఎత్తి చూశాడు. "అయితే మా వాన ఆడ పుడతాదా?" అన్నాడు. అవునన్నాను. "మరి సీసా ఈడెందుకు పాతినారు?" అన్నాడు. నవ్వొచ్చి దగ్గు తెర వచ్చింది.

జూన్ 26

33. ఊళ్లో మామిడి టెంకల పిండితో అంబలి కాస్తున్నారు. నాకు మాత్రం చోడంబలే వస్తోంది. యర్రమ్మప్ప చోళ్లు ఎక్కడివి? అడిగితే నీకెందుకంది.

జూన్ 30

32. నెల రిపోర్టు కట్టాను. దాంతోపాటే కొండ కింద రెవెన్యూ ఆఫీసుకి అర్జీ రాశాను. మొలక చచ్చింది, విత్తనం లేదు, జూలై దాటితే చోళ్లకి అదను పోతుంది, వెంటనే గింజలు పంపండి అని. అందరిచేతా వేలిముద్రలు వేయించాను. రెండూ ఒకే కవరు.

జూలై 6

రెవెన్యూ ఇన్స్పెక్టరు జగన్నాథరావుగారు వచ్చారు. చెడ్డవాడు కాదు. ఆయనా మలేరియా మనిషే, కళ్లు పచ్చగా ఉన్నాయి. అరుగు మీద కూర్చుని నా అర్జీ ఒక పక్కన, నా రిపోర్టు ఒక పక్కన పెట్టారు.

కరువు గింజలు జూన్‌లో అంగుళం కూడా పడని ఊళ్లకేనట. నా రిపోర్టు ప్రకారం చింతలగుడలో ఏడు వానలు, రెండు అంగుళాల 24 సెంట్లు. "నేనేం చెయ్యను మగ్దలేనమ్మగారూ? ఇది మీ చేతిరాతేగా" అన్నారు.

నా చేతిరాతే. సుక్రు, బుధు, అందరూ నా వైపే చూశారు. ఏడు వానలెక్కడివని బుధు అడిగాడు. ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు.

జూలై 7

తెల్లారేదాకా రిజిస్టరు చూస్తూ కూర్చున్నాను. 32, 32, 31, 32, 32, 33, 32. ఏ వానైనా కొలుచుకుని పడుతుందా? నేల తడిసిందో లేదో ఒక్క రోజైనా చూడలేదు నేను. సీసానే చూశాను. ఛీ!

కోడి కూసే వేళకి కిటికీ దగ్గర నిలబడ్డాను. యర్రమ్మప్ప గెడ్డకి పోయి వస్తోంది. నాలుగైదు రోజులకోసారి గంగాలమ్మకి నీళ్లు మోసే వంతు ఆవిడది. నెత్తిన కుండ, చేతిలో సొరకాయ బుర్ర. కంచె తలుపు తీసింది. బుర్రతో నీళ్లు ముంచి, గరాటులో ఒక్క చుక్క ఒలక్కుండా పోసి, కంచె తలుపు జాగ్రత్తగా మూసి వెళ్లిపోయింది.

ఎనిమిదింటికి కొలిచాను. 32.

అదే రోజు, సాయంత్రం

అరుద్దామనే వెళ్లాను. ఆవిడ టెంకలు దంచుతోంది. పక్కన చిన్న గిన్నెలో చోడిపిండి, నా కోసం. పక్కనే కూలబడ్డాను.

మెల్లగా అడిగితే దాచలేదు. "మొలక సచ్చిపోనాది కదమ్మా. మల్లీ మొలక వొచ్చేదాకా కాలీగా ఒగ్గీకూడదు. నువ్వు రోజూ సీసా ఎత్తి సూసి మొకం ఏలాడేసుకుంటన్నావు. జొరం ఒకటి. నువ్వు సూసి నవ్వుతావని పోసినాను" అంది. తర్వాత భయంగా, "నానేటి తప్పు సేసినానా?" అంది.

 ఆవిడ నా కోసం పోసిన ఏడు బుర్రల నీళ్లకి ఊరికి గింజలు రాలేదని చెప్పాలా?

చెప్పాను. చెప్పక తప్పలేదు. రోకలి కింద పెట్టేసి కొంగు నోట్లో కుక్కుకుంది.

జూలై 8

సర్కారు సామానులో చెయ్యి పెడితే కేసు అవుతుందని గేజ్ పెట్టినాయన జనవరిలోనే చెప్పాడు. కాబట్టి ఆఫీసుకి ఇలా రాశాను: జూన్‌లో నేను రాసిన ఏడు వానలూ వానలు కావు. గేజ్‌లో బయటి నీరు చేరింది. కంచెకి తాళం వేయకపోవడం, నేల చూడకుండా అంకె రాయడం నా తప్పులు. అసలు అంకె నిల్. గింజలు పంపండి. నన్నేం చేసినా సరే.

ఎవరు పోశారన్నది రాయలేదు.

జూలై 9, శుక్రవారం

కవరు సంతలో టపా మనిషికి ఇచ్చేశాను.  స్కూలు కూడా తీసేస్తే ఎక్కడికి పోతాను?

జూలై 15

జవాబు లేదు. బుధు మనవరాలు స్కూల్లో కళ్లు తిరిగి పడిపోయింది. నా గంజి తాగించాను.

జూలై 21, బుధవారం

వచ్చాయి! ఆరు గుర్రాల మీద చోళ్లు. జగన్నాథరావుగారే తోలుకొచ్చారు. ఊరంతా ఎదురెళ్లింది.

గేజ్ తీసుకుపొమ్మని కూడా ఆర్డరట. నమ్మకం లేని చోట ఉంచకూడదట. స్కూలు సంగతి ఫాదర్‌గారు చూసుకుంటారట, అంటే ఉంటుందన్నమాట. గరాటు, సీసా, గ్లాసు గోనెలో చుట్టారు. చుడుతూ, ఇంతకీ ఎవరు పోశారండీ అని అడిగారు. గోనె మూతికి తాడు అందించాను. అప్పుడే యర్రమ్మప్ప తాగడానికి నీళ్లు తెచ్చి ఇచ్చింది, ఆ బుర్రతోనే.  ఆయన తాగారు. బుర్ర తిప్పి చూశారు. ఆవిడ వైపు, నా వైపు చూశారు. "ఇంకొంచెం పొయ్యమ్మా" అన్నారు. మళ్లీ తాగి, గోనె ఎత్తుకుని బయల్దేరారు.

జూలై 22

ఉత్త ఇటుక దిమ్మ చూస్తే దిగులు. ఫాదర్‌గారిచ్చిన బిస్కట్ డబ్బా మూతి కొలిచాను. సరిగ్గా ఐదంగుళాలు, గరాటు మూతి ఎంతో అంతే! దిమ్మ మీద బిగించాను. ఎవరడిగారని? నా సరదా.

యర్రమ్మప్ప డబ్బా చూసి ఆగిపోయింది. చేతిలో బుర్ర. "ఇదొక్కటీ ఖాళీగా ఉండనియ్యప్పా" అన్నాను. నేల వైపు చూసింది, ఆకాశం వైపు చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఖాళీ పాత్రని అలా వదిలి దాటి ఉండదు. "నీకోసం" అని వెళ్లిపోయింది.

రాత్రి తుప్పర పడింది. అసలు తుప్పరే, గుమ్మంలో నిలబడి చూశాను. బుధు శనివారం విత్తమన్నాడు.

జూలై 23, శుక్రవారం

సంతలో రత్నాలు నన్ను వెతుక్కుంటూ పరిగెత్తుకొచ్చింది. అక్క మంగళవారం రాసిన ఉత్తరం. నాలుగే వాక్యాలు. గాలికి ఆకు కూడా కదలటం లేదు, కానీ తూర్పు నుంచి పెద్ద అలలు దూరం దూరంగా వస్తున్నాయి. పున్నమికి ఇంకా ఐదు రోజులుంది, పున్నమినాడు కూడా పోటు అందని చేపల కళ్లం మీదికి నీళ్లెక్కాయి. నాన్న పడవలన్నీ ఇళ్ల మధ్యకి లాగించాడు. పెద్ద వాన మీ కొండకే వస్తుందంటున్నాడు.

సంచీ అక్కడే వదిలేసి ఊళ్లోకి వచ్చాను. రేపు చల్లితే, ఆ వాన దిగితే, వాలు మీది మట్టితో పాటు గింజలన్నీ గెడ్డలోకి. మళ్లీ గింజలిచ్చేవాడు ఎవడూ లేడు. ఆగమని చెప్పి, వాన రాకపోతే? అదను పోతుంది. ఆకలి మీదున్న ఇళ్లలో విత్తనం ఎన్నాళ్లు ఆగుతుంది?

బుధు ఇంటి ముందు అందర్నీ కూర్చోబెట్టి ఉత్తరం చదివాను. తర్వాత పెట్టెలోంచి మే నెల ఉత్తరం తీసి అదీ చదివాను. 

సుక్రు లేచాడు. "ముందే తెలిసీ సెప్పలేదా? అప్పుడు సెప్పనిదానివి, ఇప్పుడెందుకు సెప్తన్నావు?" అని కేకలేశాడు. కొట్టినా పడేదాన్నే. అప్పుడు చెప్పలేదు కాబట్టే ఇప్పుడు చెప్తున్నానన్నాను. వెక్కి వెక్కి ఏడ్చాను అందరి ముందూ, సిగ్గు లేకుండా.

యర్రమ్మప్ప ఎక్కడో వెనక నుంచి, "నాను నీలు పోసి ఊరి గింజలు ఆపీసినాను. నన్నేటన్నారు మీరు? దీన్నెందుకు తిడతారు?" అంది.

 బుధు మా నాన్న సంగతులు అడిగాడు. ఎన్నేళ్ల నుంచి సముద్రం మీద ఉన్నాడు, కళ్లు ఎప్పుడు పోయాయి, ఏ చెయ్యి ముంచుతాడు. అన్నీ చెప్పాను. చివరికి, "నాకు సుక్కలు తెలుసు. సముద్రం తెలీదు. ఆ ముసిలోడికి తెలుసు" అన్నాడు. మంగళవారం దాకా గింజ ముట్టొద్దన్నాడు.

జూలై 24

ఎండ. నీలంగా ఉంది ఆకాశం. సుక్రు నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు.

జూలై 25, ఆదివారం

మధ్యాహ్నం దాకా ఎండే. జపమాల చేతిలో ఉంది, ఒక్క మాటా గుర్తు రావటం లేదు. సుక్రు గింజల బుట్ట నెత్తిన పెట్టుకుని పోడు వైపు బయల్దేరాడట. యర్రమ్మప్ప అడ్డంగా దారిలో కూర్చుందట.

నాలుగింటికి తూర్పు గాలి. ఉప్పు వాసన వచ్చిందంటే ఎవరూ నమ్మరు, నాకైతే వచ్చింది.

జూలై 26, ఉదయం 8

డబ్బాలో రాత్రి వాన, పదకొండు బుర్రలు.

కొండ మీంచి ఎర్రమట్టి గెడ్డలోకి దిగిపోతోంది. గింజలు బుట్టల్లో ఉన్నాయి.

కొలిచింది యర్రమ్మప్ప.